కర్రకాళ్ల తరళ

కాంస్యపురి నగరం పొద్దెక్కేకొద్దీ మెరిసిపోయేది. కంచు రేకులు తాపిన గోపురాలు, పాలరాతి అరుగులు, అరుగుల మీద సంపెంగల బుట్టలు, మేడల పిట్టగోడల మీద పురివిప్పిన నెమళ్లు, వీధి వీధికీ పన్నీరు చిమ్మే చిమ్మనగ్రోవులు, కిటికీ కిటికీకీ చిలకల పంజరాలు! దూరదేశాల వర్తకులు కోట వాకిట్లో ఒంటెలు దిగి, నోరు తెరిచి, మళ్లీ మూయడం మరిచిపోయేవారు. అంతటి నగరంలో ఎంతసేపు తిరిగినా ఒక్క ఆడది పరుగెత్తడం మాత్రం కంటపడదు. పసిబిడ్డ బావి గట్టెక్కినా, పొయ్యి మీద పాలు పొంగినా, ఇంటికి నిప్పంటుకున్నా, కాంస్యపురి స్త్రీలు మునివేళ్ల మీద ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వెళ్లేవారు. దాన్ని ఆస్థాన కవులు హంసనడక అని పద్యాలు కట్టి మురిసిపోయేవారు. మురవక ఏం చేస్తారు? కాలింది వాళ్ల మడమలు కాదు కదా!

తొమ్మిదో ఏడు వచ్చిన ప్రతి ఆడపిల్లకూ వసంతోత్సవం నాడు మడమ ముద్ర వేసేవారు. ఎర్రగా కాలిన రాగి ముద్రను రెండు మడమలకూ అదిమితే నరాలు ముడుచుకుపోయి, బతికినన్నాళ్లూ మడమ నేలకు ఆనదు. ఆడదాని మడమ నేలను తాకితే వేగవతి నది ఇంకిపోతుందని రాజగురువు తామ్రకేశుడు ఏనాడో సెలవిచ్చాడు. అతడు మహామాంత్రికుడు. రాజుగారే అతని ముందు నిలబడి మాట్లాడతాడు. ఇక ఆచారంలో ఇంకో నియమం ఉంది. ముద్ర వేసేటప్పుడు పిల్ల కాళ్లు కదలకుండా పట్టుకోవలసింది కన్నతల్లే. వేరే చేతులు పనికిరావు.

ఆ వసంతోత్సవం నాడు ముద్ర మంటపం ముందు వరుసలో నిలబడిన తల్లుల్లో తరళ ఒకతె. వెదురు బుట్టలు అల్లి అంగట్లో అమ్ముకునే మనిషి. మగడు పడవ వ్యాపారానికి వెళ్లి సముద్రంలోనే ఉండిపోయాడు. ఆమెకు మిగిలింది మృణాళి అనే కూతురు ఒక్కతే. ఆ పిల్ల కొత్త పావడా కట్టుకుని, తల్లి కొంగు పట్టుకుని, నేర్పినట్టే మునివేళ్ల మీద బుద్ధిగా నిలబడి ఉంది. తరళకు మాత్రం నిలకడ లేదు. వరుసలోంచి తొంగి చూస్తుంది, వెనక్కి తిరుగుతుంది, కూతురి జడ విప్పి మళ్లీ అల్లుతుంది.

"ఏమే తరళా, నిప్పుల మీద నిలబడ్డట్టు ఆ కదులుడేమిటే?" అంది వరుసను చూసుకునే ముత్యాలవ్వ.

"నిప్పుల దగ్గరికే కదత్తా వెళ్తున్నది."

"చాల్లే, ఊరుకో! మాకందరికీ పడలేదూ? చచ్చామా?"

"బతికున్నామనేనా అత్తా నీ ఉద్దేశం?"

ముత్యాలవ్వ గబుక్కున ఆమె నోరు మూసింది. మంటపం మీద తామ్రకేశుడు చెయ్యెత్తాడు. రాగి తీగల్లాంటి జుట్టు భుజాల మీద విరబోసుకుని, మెడలో శంఖం వేలాడేసుకుని, కుంపట్లోంచి ముద్రను పైకి తీశాడు. ఇక అందరూ కళ్లు మూసుకుని జయజయధ్వానాలు చేయాలి. అదీ ఆచారమే. తల్లులు, తండ్రులు, భటులు, చివరికి పిల్ల కాళ్లు పట్టుకున్న తల్లి కూడా కళ్లు మూసుకున్నారు. లోపల ఎక్కడిదో అలజడి తరళను ఒక్కక్షణం కుదురుగా ఉండనియ్యలేదు. ఆమె కళ్లు తెరిచింది.

ముద్ర మడమను తాకింది. పిల్ల కెవ్వుమంది. ఆ కేక జయధ్వానాల్లో కలిసిపోయింది. సరిగ్గా అప్పుడే మంటపం పక్కన దేవుడి వాహనమని అందరూ మొక్కే రాగి గుర్రం, ఎన్నడూ కదలని ఆ బొమ్మ గుర్రం, కెంపు కళ్లు ఎర్రగా వెలిగించి, ముందుకాలితో నేలను దువ్వింది. తామ్రకేశుడు దాని మెడ నిమిరి, "ఇంకొక పరుగు చేరింది నీకు" అని గొణిగిన మాట, జయధ్వానాల సందున, మెట్ల దగ్గరున్న తరళ చెవిన పడింది.

తరళకు అంతా అర్థమైంది. నదీ లేదు, ఇంకిపోవడమూ లేదు! వీడు పిల్లల పరుగు పీల్చి గుర్రానికి పోస్తున్నాడు. పాతికేళ్ల కిందట ఇదే మంటపం మీద తన పరుగూ దాని పొట్టలోకే పోయింది. తన తల్లి కళ్లు మూసుకుని తన కాళ్లు పట్టుకుంది. ఇప్పుడు తను కళ్లు మూసుకుని మృణాళి కాళ్లు పట్టుకోవాలి. భయం కన్నా ముందు కోపం వచ్చింది ఆమెకు.

"అత్తా, పిల్ల మళ్లీ బురద తొక్కింది. పసుపు నీళ్లతో కాళ్లు కడిగి తెస్తాను" అంది తరళ.

"వేగిరం రా! రెండు పేర్ల తర్వాత మీదే."

మంటపం వెనక నీళ్ల తొట్టి, తొట్టి వెనక పూలవాళ్ల సందు. ఆ సందులోకి తిరిగాక తల్లి ఆగలేదు, కూతురు అడగలేదు. మునివేళ్ల మీద ఎంత వేగంగా నడవగలిగితే అంత వేగంగా నడిచి ఇద్దరూ అంగడి వీధిలో పడ్డారు. ప్రతి మలుపులోనూ వెనక శంఖం మోగుతుందేమోనని తరళ చెవులు అటే ఉన్నాయి.

అంగడి చివర కర్రకాళ్ల ఆటవాళ్లు మూటలు కట్టుకుంటున్నారు. నది అవతలి విశాలదుర్గం వాళ్లు. పండుగకు వచ్చి, నిలువెత్తు కర్రలు కాళ్లకు కట్టుకుని, ఎగిరి గెంతి, జనాన్ని నవ్వించి పోతారు. వాళ్ల నాయకుడు పొట్టి సింగన్న. నేల మీద నిలబడితే తరళ భుజం దాకా కూడా రాడు. కర్రలెక్కితే మాత్రం మేడ మీది వాళ్లను ముక్కు పట్టుకుని పలకరిస్తాడు. వాళ్ల సామానుకు బుట్టలు అల్లి ఇచ్చేది తరళే.

"సింగన్నా, నన్నూ నా బిడ్డనూ నది దాటించు."

సింగన్న చేతిలో మూట జారిపోయింది. "అమ్మో! ఈ ఊరి ఆడవాళ్లు కోటదాటితే దాటించినవాడి తల ఉండదు తల్లీ. నేనసలే పొట్టివాణ్ణి. ఆ తల కూడా తీసేస్తే ఇంకేం మిగుల్తాను?"

తరళ అక్కడే కూలబడి తన కాళ్లు చాపి మడమలు చూపించింది. నల్లగా, ముడతలు పడి, రాయిలా బిగుసుకుపోయిన మడమలు. పక్కనే మృణాళి పాదాలు పట్టుకుని చూపించింది. పసుపు రాసిన లేత పాదాలు.

సింగన్న తలపాగా విప్పి మొహం తుడుచుకుని, "మా నాగడికి చీలమండ బెణికింది. వాడి కర్రలు ఖాళీగా ఉన్నాయి" అన్నాడు. "కానీ అమ్మా, కర్రల మీద నిలవడానికి మాకే ఆర్నెల్లు పడుతుంది. నువ్వు ఇప్పటికిప్పుడు ఎట్లా..."

మాట పూర్తికాకుండానే తరళ గోడ పట్టుకుని కర్రలెక్కింది. ఆటవాళ్లందరూ పడిపోతుందని చేతులు చాపారు. ఆమె పడలేదు. ఒక అడుగు వేసింది, ఇంకొకటి వేసింది, గోడ వదిలేసింది. కర్రలకు పాదం ఆనించే కొయ్యమెట్టు అరచేతి వెడల్పే. మునివేళ్లు దాని మీద, మడమ గాలిలో! ఆటవాళ్లు ఏడ్చి ఏడ్చి నేర్చుకునేది అదే. తరళ పాతికేళ్లుగా చేస్తున్నదీ అదే.

"వారినీ!" అన్నాడు సింగన్న. "మాకు కూలీ దండగ. ఈ ఊరి ఆడవాళ్లను పెట్టుకుంటే సరిపోయేది!"

చీరకు బదులు పంచె, మొహానికి జేగురు రంగు, తలకు పెద్ద తలపాగా. మృణాళి జడ టోపీలో దాక్కుంది. చేతికి కంజీర ఇచ్చి, పిల్లవాడి వేషం వేశారు. ఆ పిల్లను నేల మీదే నడిపించాలని నిర్ణయించారు. ఎందుకంటే కోట గుమ్మం దగ్గర పరీక్ష పాదాలకే, దాని మడమలకు ఇంకా ముద్ర పడలేదు.

ఆ పరీక్ష సంగతి చెప్పాలి. ఉత్తరపు గుమ్మం లోపల తడిమట్టి పరిచిన బాట ఉండేది. బయటికి పోయే ప్రతివాడూ దాని మీద నడవాలి. అడుగులో మడమ గుర్తు పడితే మగవాడో, పరదేశో. పో అంటారు. మడమ గుర్తు లేకపోతే ఆ ఊరి ఆడది. వెంటనే సంకెళ్లు. గుమ్మం కాసే దండనాయకుడు భైరవసేనుడు ఏళ్ల తరబడి మట్టినే చూసి చూసి మెడ వంగిపోయిన మనిషి. సొంత బావమరిది వచ్చినా మొహం చూసి గుర్తుపట్టడు, అడుగు చూసి "ఎప్పుడొచ్చావురా" అంటాడు.

ఆటవాళ్లు గుమ్మంలోకి వచ్చారు. భైరవసేనుడు బాట మీదికి వంగి, ఉలిక్కిపడ్డాడు.

"ఏమిట్రా ఇవి? బొక్కలు! అడుగులేవీ?"

"కర్రకాళ్ల వాళ్లం దొరా" అన్నాడు సింగన్న పైనుంచి. "మొక్కు మీద ఎక్కాం. ఏటి అవతల అమ్మవారి గుడి చేరేదాకా దిగకూడదు. దిగితే కళ్లు పోతాయి. మావి కాదు, దింపినవాళ్లవి."

భైరవసేనుడు కళ్లు నులుముకున్నాడు. అతనికున్న ఆస్తి ఆ కళ్లే. కాసేపు ఆలోచించి, మీసం దువ్వి, మహా తెలివైన ఎత్తు వేశాననుకున్నాడు. "మా ఆడవాళ్లకు మడమ ఆనదు. మడమ ఆననిదానికి నేల మీదే నిలకడ ఉండదు, కర్రల మీద ఎక్కడ ఉంటుంది? ఒక్కొక్కడూ ఒంటికాలి మీద గిర్రున తిరగండి. ఊగినవాడు ఆడది!"

వంతు రాగానే తరళ ఎడమ కర్ర ఎత్తి, కుడి కర్ర మీద గిర్రున తిరిగింది. ఒకసారి కాదు, తలపాగా కుచ్చు చక్రంలా లేచేదాకా తిరిగింది. ఒక్క పిసరు ఊగలేదు. భటులు ఈలలు వేశారు. "ఇది మగాడి కాలు! పో!" అన్నాడు భైరవసేనుడు మట్టిలో పడిన ఒకే ఒక్క బొక్కను మెచ్చుకుంటూ. తర్వాత సింగన్న తిరిగాడు. భయంతో ఇటూ అటూ ఊగి, గుమ్మం కమ్మీ పట్టుకుని వేలాడాడు.

"వీడే ఆడది! దింపండి!"

భటులు సింగన్నను లాగి, కర్రలు విప్పి, మట్టిలో నడిపించారు. పొట్టిపొట్టి పాదాలు, గుండ్రని మడమలు దిట్టంగా పడ్డాయి. భైరవసేనుడు ఎంతో నిరాశపడ్డాడు. మీసాలున్న ఆడదాన్ని పట్టుకున్నందుకు భటులు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. ఆ నవ్వుల్లోనే సింగన్న మళ్లీ కర్రలు కట్టుకున్నాడు, ఆటవాళ్లు ఒక్కొక్కరే గుమ్మం దాటారు. మిగిలింది మృణాళి.

తరళ గుమ్మం అవతల ఆగి చూస్తోంది. పిల్ల తడిమట్టి మీద అడుగు పెట్టింది. మడమ పడింది. రెండో అడుగు, మడమ పడింది. తల్లి చెవిలో చెప్పినట్టే చేస్తోంది. ఇంకో నాలుగడుగులు వేస్తే చాలు.

"ఏయ్ కుర్రాడా, కంజీర వాయించవేంరా!" అని భైరవసేనుడు సరదాకే గద్దించాడు.

పిల్ల అదిరిపడింది. అదిరిపడిన పిల్ల మునివేళ్ల మీదికి లేచింది. కాంస్యపురిలో ప్రతి తల్లీ కూతురికి అయిదో ఏడు నుంచే గోడ పట్టించి మునివేళ్ల నడక నేర్పుతుంది, ముందే అలవాటైతే ముద్ర పడ్డాక బాధ తక్కువగా ఉంటుందని. తరళా నేర్పింది. ముద్దుపెట్టి, బెల్లం ముక్క చేతిలో పెట్టి మరీ నేర్పింది. ఆ నేర్పు ఇప్పుడు మట్టి మీద వరుసగా పడుతోంది, మడమ లేని అడుగు వెనక మడమ లేని అడుగు.

భైరవసేనుడు ఇంకా కిందికి వంగాడు. మట్టిని వేలితో తాకాడు. జన్మలో మొదటిసారి తలెత్తి ఎదుటి మొహం చూశాడు. అప్పటికి టోపీలోంచి జడ జారింది.

"ఆడపిల్ల! ముద్ర పడని పిల్ల! ఊదండి శంఖం!"

తరళ అప్పుడు ఆలోచించలేదు. రెండు అంగల్లో గుమ్మంలోకి దూకి, వంగి, కూతుర్ని రెక్క పట్టి పైకి లాగి భుజాన వేసుకుంది. ఈటెలు ఆమె మోకాళ్ల దాకా కూడా అందలేదు, కర్రలకు తగిలి టకటకమన్నాయి. "నది! నదిలోకి!" అని అరిచాడు సింగన్న. ఆటవాళ్లందరూ కర్రల మీద అంగలు వేస్తూ రేవు గట్టు దిగి వేగవతిలో పడ్డారు. అడుగుకు పది గజాల దూరం దాటుతున్నట్టుంది తరళకు. కాలవ కూడా దాటలేని కాళ్లు ఇవేనా అని ఆ హడావిడిలోనూ ఆమెకు ఆశ్చర్యం వేసింది.

ఊళ్లోంచి శంఖం మోగింది. గుమ్మం దగ్గరి శంఖం కాదు, తామ్రకేశుడి శంఖం. దాని వెనకే డెక్కల చప్పుడు. వేలమంది పిల్లలు ఒక్కసారిగా పరుగెత్తినట్టు ఉంది ఆ చప్పుడు. రాగి గుర్రం మనిషి లేకుండానే కోటగోడ దూకి, గట్టు దూకి, నీళ్లను రెండుగా చీల్చుకుంటూ వస్తోంది. దాని కెంపు కళ్లు మృణాళి మీదే ఉన్నాయి.

అవతలి గట్టు ముందు ఇసుక తిన్నె ఉంది. తిన్నె దాటితే విశాలదుర్గం అడవి. అంతటి గుర్రానికి చెట్ల గుబుర్లలో దారి దొరకదని సింగన్న కేకలు పెడుతున్నాడు. తరళ వెనక్కి చూసింది. కర్రల మీద ఎంత పెద్ద అంగలు వేసినా గుర్రంతో సమానం కాదు. తను అడ్డు నిలిస్తే పిల్లైనా చెట్లలోకి చేరుతుందని, తిన్నె ఎక్కగానే ఆమె కూతుర్ని ఇసుక మీద దింపింది.

"పరుగెత్తు!"

"నాకు రాదమ్మా!" పిల్ల ఏడుపు అందుకుంది. "నువ్వు నేర్పలేదు!"

"ఇప్పుడు నేర్పుతున్నాను. మడమ కింద పెట్టు. గట్టిగా పెట్టవే! ముందుకు పడు. పడిపోయేలోగా ఇంకో కాలు వెయ్యి. మళ్లీ పడు, మళ్లీ వెయ్యి. అంతే పరుగంటే!"

"నది ఇంకిపోతుందేమో!"

"ఇంకిపోతే ఇంకిపోనీ! పరుగెత్తవే నా తల్లీ!"

మృణాళి మడమ నేల మీద పెట్టింది. నది ఇంకలేదు, ఆ పిల్లను పట్టించుకోకుండా తన దారిన తాను పోతోంది. పిల్ల ముందుకు పడబోయి కాలు వేసింది, మళ్లీ పడబోయి మళ్లీ వేసింది. ఒకసారి నిజంగానే బోర్లాపడి, మూతికి ఇసుకతో లేచి, ఇక ఆగలేదు. జడ ఎగురుతోంది, పాదాల వెనక ఇసుక లేస్తోంది. కాంస్యపురి ఆడపిల్ల పరుగెత్తడం తరళ చూడటం అదే మొదలు. ఆమెకు ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది. ఇంతలో గుర్రం ఊపిరి వేడిగా వీపుకు తగిలింది.

గుర్రం ఆమెను దాటి పిల్ల వైపు మెడ చాచింది. తరళ కర్రలను తన్నేసి, ఉన్నపళంగా దాని మెడ మీద పడింది. కాలే రాగి! అరచేతులు చుర్రుమన్నాయి. అయినా వదలకుండా తలపాగా లాగి ఆ కెంపు కళ్ల మీదుగా రెండు చుట్లు తిప్పి, రెండు కొసలూ పిడికిళ్లలో బిగించింది. గుర్రం వెనక్కాళ్ల మీద లేచింది, సకిలించింది, ఇసుకలో సుడి తిరిగింది. పరుగెత్తే పిల్ల కనిపించడం లేదు దానికి. వినిపిస్తున్నది ఒక్కటే, ఊళ్లోంచి ఆగకుండా మోగుతున్న యజమాని శంఖం. అది అటు తిరిగింది.

చెట్ల అంచున సింగన్న మృణాళిని ఎత్తుకుని నిలబడ్డాడు. పిల్ల వాడి చేతుల్లోంచి గింజుకుంటోంది. "అమ్మా, దూకు! ఇసుకే అమ్మా, దెబ్బ తగలదు, దూకు!"

దూకవచ్చు. కింద మెత్తని ఇసుకే. కానీ దూకితే గుడ్డ జారుతుంది, గుడ్డ జారితే గుర్రానికి మళ్లీ పిల్ల కనిపిస్తుంది. తరళ మోకాళ్లతో రాగి పక్కలను ఇంకా గట్టిగా అదిమింది.

"ఏడవకే! సింగన్నా, దాన్ని లోపలికి తీసుకుపో! కాళ్లకు ముల్లు గుచ్చుకోకుండా చూడు!" అని అరిచింది. ఇంకేమన్నా అరిచేలోపు గుర్రం నదిలోకి దూకింది.

నీళ్లు ఎగిశాయి, గట్టు వెనక్కి పోయింది, గుమ్మం దగ్గర భైరవసేనుడి తడిమట్టి బాటంతా డెక్కల కింద చిందరవందరై అతని మొహం మీద పడింది. పూలవాళ్ల సందు, నీళ్ల తొట్టి, ఆ వెనక మంటపం. తామ్రకేశుడు మెట్ల మీద నిలబడి, బుగ్గలు ఉబ్బించి శంఖం ఊదుతున్నాడు. పక్కన కుంపట్లో ముద్ర ఎర్రగా ఉంది. దాని ముందు ఎవరో తల్లి తన పిల్ల కాళ్లు పట్టుకుని కూర్చుని ఉంది.

"కాళ్లు వదలవే!" అని తరళ గొంతు చించుకుంది. "వదిలి పక్కకు లాగు పిల్లని! నా కింద పడి చస్తారు!"

ఆ తల్లి తలెత్తి, వస్తున్న గుర్రాన్నీ, దాని మీద జుట్టు విరబోసుకున్న ఆడదాన్నీ చూసి, చేతులు తీసేసింది. పిల్లను ఒళ్లోకి లాక్కుని మెట్ల పక్కకు దొర్లింది. కళ్లు కట్టిన గుర్రం తన శంఖం మీదికే వస్తోందని తామ్రకేశుడికి అప్పుడు అర్థమైంది. శంఖం దించి, "ఆపు! ఆపవే!" అని వెనక్కి అడుగులు వేశాడు.

తరళకు గుర్రాన్ని ఆపడం తెలియదు. తెలిసినా ఆపేది కాదు.